చిన్న వయసులో పెద్దపేగు క్యాన్సర్: ఊరు ఇచ్చే తప్పుడు సలహాలు

మొయినాబాద్ మండలంలోని ఎంకపల్లికి వైద్యం దూరం కాదు. భాస్కర్ మెడికల్ కాలేజీ, దాని జనరల్ ఆసుపత్రి ఊళ్లోనే ఉన్నాయి. హైదరాబాద్ పోతే లక్డీకాపూల్ దగ్గర రెడ్ హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజగుట్టలో నిమ్స్, బంజారాహిల్స్‌లో బసవతారకం ఆసుపత్రి ఉన్నాయి. పొద్దున్నే బయలుదేరితే ఓపీ చీటీ రాసే వేళకు అందుకోవచ్చు. అయినా మొయినాబాద్, చేవెళ్ల పల్లెల్లో ముప్పై ఏళ్ల మనిషికి మలంలో రక్తం పడిందంటే డాక్టరు కంటే ముందు సలహాలే అందుతాయి. అరుగు మీద ఒకరు, పూలతోటలో ఒకరు, పెండ్లి పందిట్లో ఒకరు, వాట్సాప్‌లో పదిమంది. ఎవరి మనసులోనూ చెడు ఉండదు. అందరూ ప్రేమతోనే చెబుతారు. కానీ ఆ మాటలు వింటూ గడిపిన నెలలు తిరిగి రావు.

2022లో ప్రపంచవ్యాప్తంగా 19 లక్షల మందికి పైగా పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ల బారిన పడ్డారు, సుమారు 9 లక్షల మంది చనిపోయారు. మన దేశంలో ఈ క్యాన్సర్ రేటు పాశ్చాత్య దేశాలకంటే తక్కువే. కానీ మన రోగుల సగటు వయసు కూడా అక్కడికంటే తక్కువ. అంటే పసిపిల్లల తల్లులు, కొత్తగా నౌకరీలో చేరినవాళ్లు, అప్పు చేసి ఆటోనో కారో కొన్నవాళ్లు మనకు ఆ వార్డుల్లో ఎక్కువగా కనిపిస్తారు.

పక్కన తోడు మనిషి ఉంటే ఏమవుతుందో కూడా లెక్కలున్నాయి. 2013లో అమెరికాలో పరిశోధకులు 7 లక్షల మందికి పైగా క్యాన్సర్ రోగుల వివరాలు పరిశీలించారు. పెళ్లయినవారిలో రోగం తొందరగా బయటపడింది, సరైన చికిత్స అందింది, మరణాలు తగ్గాయి. ఇందులో పెళ్లి మహిమ ఏమీ లేదు. ఒంట్లో మార్పు గమనించి ఆసుపత్రికి లాక్కెళ్లే మనిషి, మందు మరిచిపోనివ్వని మనిషి పక్కన ఉండటమే కారణమని వారి వివరణ. ఆ మనిషి తమ్ముడు కావచ్చు, వదినె కావచ్చు, స్నేహితుడు కావచ్చు. అందుకే ఇక్కడ ఒక్కో తప్పుడు సలహాను తీసుకొని, అది ఎందుకు తప్పో చెప్పి, ఆ సలహా ఇవ్వబోయిన మనిషి దాని స్థానంలో ఏ పని అందుకోవచ్చో రాస్తున్నాను.

"మొలలే గవి, నాలుగు దినాలైతే తగ్గుతయి"

మలంలో రక్తం పడితే ఎక్కువసార్లు కారణం మొలలే. అందుకే ఈ మాట అందరూ నమ్ముతారు. కానీ మొలలు ఉన్న మనిషికి క్యాన్సర్ రాకూడదన్న నియమం లేదు, రెండూ ఒకే ఒంట్లో ఉండొచ్చు. రక్తం చూసి అది మొలలదో, పుండుదో, గడ్డదో ఆర్ఎంపీ డాక్టరూ చెప్పలేడు, పేరున్న సర్జనూ చెప్పలేడు. గ్లవ్సు వేసుకొని మలద్వారంలో వేలితో చేసే పరీక్షకు రెండు నిమిషాలు చాలు. మలాశయం కింది భాగంలో గడ్డ ఉంటే చాలాసార్లు ఆ వేలికే తగులుతుంది. ఆ రెండు నిమిషాల సిగ్గు తప్పించుకోవడానికి రోడ్డు పక్కన "గ్యారంటీ వైద్యం" బోర్డు చూసి ఇంజెక్షన్లు వేయించుకుంటూ ఆర్నెల్లు పోగొట్టుకునే వాళ్లున్నారు.

రక్తం కనిపిస్తే వయసెంతైనా డాక్టరుకు చూపించుకోవాలి. ఎన్నడూ లేని మలబద్ధకం, పదేపదే దొడ్డికి వెళ్లాల్సి రావడం, వెళ్లొచ్చినా ఇంకా మిగిలినట్టే అనిపించడం, మలం సన్నగా రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, తగ్గని కడుపునొప్పి, వీటిలో ఏదైనా మూడు వారాలు దాటితే ఆగకూడదు.

"మొలలే" అని చెప్పబోయే అన్న ఇట్లా అనాలి: "తమ్మీ, రేపు పొద్దుగాల నేను బండి తీస్త, సర్జన్ దగ్గరికి పోదం పా."

"ఈ వయసుల క్యాన్సరేంది, రక్తం తక్కువుంది, గోలీలు మింగు"

హాలీవుడ్ నటుడు చాడ్విక్ బోస్‌మన్‌కు 2016లో మూడో దశ పెద్దపేగు క్యాన్సర్ తేలేనాటికి నలభై ఏళ్లు నిండలేదు. 2020 ఆగస్టు 28న 43 ఏళ్ల వయసులో పోయాడు. యువతలో ఈ రోగం పెరగడం చూసి అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2018లో ముందస్తు పరీక్షల వయసును 50 నుంచి 45కు తగ్గించింది. 2021లో అక్కడి జాతీయ నిపుణుల బృందం కూడా అదే చెప్పింది. మన దేశంలో ముప్పై దాటినవారికి ప్రభుత్వం చేయించే క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారానికి సంబంధించినవి. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. కాబట్టి మనకు లక్షణాలే హెచ్చరిక.

పెద్దపేగు కుడివైపు గడ్డ ఉంటే రక్తం కంటికి కనబడనంత కొద్దికొద్దిగా పోతుంటుంది. మనిషి పాలిపోతాడు, మెట్లెక్కితే ఆయాసపడతాడు. ఆడవాళ్లయితే నెలసరి వల్లే అనుకొని ఐరన్ గోలీలు రాసి పంపేస్తారు. గోలీలు మింగాలి. దాంతోపాటు రక్తం ఎందుకు తగ్గిందో వెతకమని కూడా అడగాలి. మగవాళ్లలో ఇనుము లోపంతో రక్తహీనత వస్తే పొట్టలో, పేగుల్లో కారణం చూడకుండా వదలకూడదు. తల్లికో తండ్రికో తోబుట్టువుకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి. ఆ వివరం ఇంట్లో పెద్దవాళ్లకే తెలుస్తుంది కాబట్టి అమ్మో చిన్నాయనో వెంట వెళ్లడం మేలు.

"ముక్క తీస్తే పాకుతది"

బయాప్సీ చేస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయం చాలామందిని ఆసుపత్రి గుమ్మం నుంచే వెనక్కి పంపింది. పెద్దపేగు విషయంలో ఈ భయానికి ఆధారం లేదు. కొలనోస్కోపీలో కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని మలద్వారం నుంచి లోపలికి పంపి పేగు గోడంతా చూస్తారు. అనుమానం ఉన్నచోట చిన్న ముక్కలు గిల్లి ల్యాబుకు పంపుతారు. సాధారణంగా అరగంట, ముప్పావుగంట పని. మత్తు ఇస్తారు కాబట్టి నొప్పి పెద్దగా తెలియదు. చిన్న బుడిపె దశలోనే దొరికితే అక్కడికక్కడే తీసేస్తారు, అది క్యాన్సర్‌గా మారే అవకాశమే ఉండదు. ల్యాబు రిపోర్టు లేకుండా ఏ బాధ్యత గల డాక్టరూ కీమో మొదలుపెట్టడు. సీఈఏ రక్తపరీక్ష మామూలుగా ఉంది కదా అని ఊరుకోవడం కూడా తప్పే. అది చికిత్స సాగుతున్న తీరు చూసేందుకు పనికొస్తుంది, రోగం లేదని తేల్చేందుకు కాదు.

అసలు కష్టం ముందురోజు రాత్రిది. పేగు శుభ్రం కావడానికి పొడి కలిపిన నీళ్లు లీటర్ల కొద్దీ తాగాలి, పదేపదే దొడ్డికి పోవాలి. ఆ రాత్రి నీళ్లు కలిపి ఇచ్చేందుకు, గంటగంటకు గుర్తుచేసేందుకు ఒక మనిషి కావాలి. పరీక్ష తర్వాత మత్తు వదిలేవరకు పక్కన ఉండి ఇంటికి తీసుకొచ్చేందుకూ ఒక మనిషి కావాలి. ఆ రోజు రోగి బండి నడపకూడదు.

"వానికి చెప్పకుండ్రి, ఎవ్వరికి తెల్వనియ్యకుండ్రి"

రిపోర్టు రాగానే ఇంటి పెద్దలు డాక్టరును పక్కకు పిలిచి "వానికి చెప్పొద్దు సార్, తట్టుకోలేడు" అంటారు. పాతికేళ్ల, ముప్పై ఏళ్ల మనిషికి తన ఒంటి సంగతి తెలుసుకునే హక్కుంది. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేది అతను. నెలల తరబడి కీమో భరించేది అతను. నిజం తెలియని మనిషి మూడో డోసుకే "నాకు బాగానే ఉంది, ఇంక రాను" అంటాడు. పైగా ఇంట్లో గుసగుసలు విని ఉన్నదానికంటే పెద్ద రోగం ఊహించుకుంటాడు. ఒంటరిగా భయపడటం కంటే నలుగురిలో నిజం వినడం తేలిక.

బయటివాళ్లకు తెలియకూడదన్న మాటకు మన సినిమా చరిత్రలోనే గొప్ప జవాబుంది. 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు తానే విలేకరులను పిలిచి, తన కడుపులో క్యాన్సర్ ఉందని చెప్పారు. అప్పటికి ఆయనకు దాదాపు తొంభై ఏళ్లు. 2014 జనవరి 22న కన్నుమూసేలోపు "మనం" సినిమాలో తన పాత్రకు డబ్బింగ్ కూడా ముగించారు. ఆ వయసులో ఆయనకు లేని సంకోచం మనకెందుకు? చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్‌ను గెలిచిన నటి గౌతమి ఆ విషయం దాచకుండా ఇతర రోగుల కోసం లైఫ్ ఎగైన్ ఫౌండేషన్ పెట్టారు.

ఊరంతటికీ చాటమని కాదు. ఎవరికి చెప్పాలో రోగి నిర్ణయించాలి. పని ఇచ్చే యజమానికి, ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులకు చెబితే సెలవు, సొమ్ము, రక్తదానం అన్నీ దారిలో పడతాయి. ఇంట్లో పసిపిల్లలుంటే వాళ్లకూ వయసుకు తగ్గ మాటల్లో చెప్పాలి: "నాయినకు కడుపుల గడ్డయింది, డాక్టర్లు మందిస్తున్నరు, నీ వల్ల కాలే."

"ఫలానా ఊర్ల పసరు మందిస్తరు, కత్తి వద్దు"

ఇది ప్రాణాలు తీసే సలహా. 2018లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నయమయ్యే దశలో ఉండి కూడా ప్రామాణిక వైద్యం వదిలి ప్రత్యామ్నాయ మందులకే పోయినవారిని, ప్రామాణిక చికిత్స తీసుకున్నవారితో పోల్చి చూశారు. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లలో అట్లా పోయినవారికి మరణించే ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువ ఉంది. రోగం పేగు దాటకముందే ఆపరేషన్ జరిగితే పదిమందిలో తొమ్మిదిమంది ఐదేళ్లు దాటి బతుకుతున్నారని అమెరికా లెక్కలు చెబుతున్నాయి. దూరపు అవయవాలకు పాకాక దొరికితే ఆ సంఖ్య పదిలో ఒకరిద్దరికి పడిపోతుంది. పసరు మందు కోసం వెళ్లే మనిషి ఈ రెండింటి మధ్య ఉన్న సమయాన్ని పోగొట్టుకుంటున్నాడు.

ఆపరేషన్‌లో గడ్డ ఉన్న పేగు భాగాన్ని, దాని చుట్టూ ఉన్న లింఫు గ్రంథులతో సహా తీసేస్తారు. కనీసం 12 గ్రంథులనైనా ల్యాబులో పరీక్షిస్తేనే రోగం దశ సరిగ్గా తేలుతుంది. గ్రంథులకు పాకి ఉంటే మూడు నుంచి ఆరు నెలల కీమో ఇస్తారు. గాయం మానగానే, ఆపరేషన్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు అది మొదలవడం మంచిది. మలాశయ క్యాన్సర్‌లో చాలామందికి ఆపరేషన్‌కు ముందే రేడియేషన్ ఉంటుంది. రెండో డాక్టరును అడగాలనిపిస్తే అడగండి, అది రోగి హక్కు. సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు కూర్చొని కలిసి నిర్ణయించే ఆసుపత్రికి వెళ్లండి. పసరు మందు ఊరు తెలిసిన పెద్దమనిషి రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టి, రోగి వెంట ఆ డాక్టరు గదిలోకి వెళ్లి, చెప్పిన మాటలు రాసుకురావాలి. భయంలో ఉన్న రోగికి సగం మాటలు చెవికెక్కవు.

"అమావాస్య దాటనీ, మూఢం పోనీ"

ఎంకపల్లి వాళ్లకు చిల్కూరు బాలాజీ ఇంటి దేవుడిలాంటివాడు. 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకోవడం, కోరిక తీరాక 108 ప్రదక్షిణలు చేయడం అందరికీ తెలిసిన ఆచారం. ఆ మొక్కు వద్దని నేను అనను. రోగి పేరు మీద తల్లి 11 ప్రదక్షిణలు చేస్తున్న పూటే రోగి సీటీ స్కాన్ గదిలో ఉండొచ్చు. దేవుడి పేరు చెప్పి తేదీ జరపడమే తప్పు. ఆషాఢమని ఒక నెల, మూఢమని ఇంకో నెల, పిల్ల పెండ్లయ్యాక చూద్దామని ఇంకో నెల జరిపితే గడ్డ ఏ ముహూర్తమూ చూడకుండా పెరుగుతుంది. కొన్నిసార్లు పేగుకు అడ్డం పడి కడుపు ఉబ్బి, వాంతులై, అర్ధరాత్రి అత్యవసరంగా కోయాల్సి వస్తుంది. ముందే అనుకొని చేసే ఆపరేషన్ కంటే అది ఎన్నో రెట్లు ప్రమాదం. ఆసుపత్రి ఇచ్చిన తేదీయే మంచిరోజు.

"పొలం అమ్ముడే దిక్కు"

భూమి ధరల ముచ్చట రోజూ నడిచే ప్రాంతం ఇది. రోగం పేరు వినగానే ఎకరం అమ్మేద్దామన్న మాట వస్తుంది, కొనేవాడు కూడా అప్పుడే దొరుకుతాడు. తొందరపడకండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఉన్నాయి. తెలంగాణలో ఏడాదికి కుటుంబానికి పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఎంఎన్‌జే ప్రభుత్వ ఆసుపత్రి. ఉద్యోగులకు ఈఎస్ఐ, ప్రభుత్వ ఉద్యోగులకు వారి ఆరోగ్య పథకం ఉంటాయి. ఇవి సరిపోనప్పుడు ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. క్యాన్సర్ రోగికి, తోడు వెళ్లే మనిషికి రైలు టికెట్‌లో రాయితీ ఉంది.

ఊళ్లో చదువుకున్న కుర్రాళ్లు చేయగల పని ఇది. రేషన్ కార్డు, ఆధార్, రిపోర్టుల జిరాక్సులు మూడేసి సెట్లు తీసి పెట్టండి. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర నిలబడి మంజూరు సంగతి కనుక్కోండి. ఇల్లు గడిచే ఖర్చు, రానుపోను ఖర్చు, పిల్లల ఫీజు ఏ పథకంలోనూ రావు. బంధువులు చందా వేయాలనుకుంటే వాటికి వేయండి.

"సంచి పెట్టుకొని బతుకుడేంది"

పెద్దపేగు ఆపరేషన్లలో చాలావాటికి సంచి అవసరమే రాదు. మలాశయ క్యాన్సర్‌లో కుట్టు మానేవరకు చిన్నపేగును పొట్ట మీదకు తెచ్చి సంచి పెట్టడం ఎక్కువగా తాత్కాలికం, కొన్ని నెలల తర్వాత మూసేస్తారు. గడ్డ మలద్వారానికి మరీ దగ్గరగా ఉన్నవారికి మాత్రం శాశ్వతంగా ఉండొచ్చు. సంచితో స్నానం చేయొచ్చు, బండి నడపొచ్చు, నౌకరీ చేయొచ్చు, పెండ్లిలో భోజనానికి కూర్చోవచ్చు. వాసన రాకుండా అంటుకునే సంచులు వచ్చాయి. చర్మం ఒరిసిపోకుండా మార్చడం ఆసుపత్రి నర్సు నేర్పుతుంది. భార్యో భర్తో అన్నో ఆ పాఠం రోగితోపాటు కూర్చొని నేర్చుకోవాలి. ముక్కు మూసుకోకుండా పక్కన కూర్చున్న ఒక్క మనిషి వల్ల రోగి సిగ్గు పోతుంది. "గట్ల బతికే కన్నా" అన్న మాట ఎవరి నోటా రాకూడదు.

"మొదలు బతుకుడు, పిల్లల సంగతి తర్వాత"

చిన్న వయసు రోగికి ఇది తరచూ జరిగే అన్యాయం. కొన్ని కీమో మందులు, పొత్తికడుపుకు ఇచ్చే రేడియేషన్ సంతానం కలిగే అవకాశాన్ని దెబ్బతీస్తాయి. ఈ సంగతి చికిత్సకు ముందే అడగాలి, తర్వాత అడిగితే చాలాసార్లు ఆలస్యమే. మగవాళ్ల వీర్యాన్ని భద్రపరచడం ఒకటి రెండు రోజుల పని. ఆడవాళ్ల అండాలను భద్రపరచడానికి రెండు వారాల దాకా పడుతుంది. రేడియేషన్ తగలకుండా అండాశయాలను పక్కకు జరిపే ఆపరేషన్ కూడా ఉంది. పెండ్లి కాని పిల్ల ఈ ప్రశ్న డాక్టరును అడగడానికి సిగ్గుపడుతుంది. అక్కో వదినో అడగాలి. పెండ్లయిన కోడలికి రోగం వస్తే పుట్టింటికి పంపేసే ఇండ్లు ఇంకా ఉన్నాయి. ఆ ఇంటి పెద్దను ఊరు నిలదీయాలి.

"పత్యం చెయ్యి, మంచం దిగకు"

పాలొద్దు, గుడ్డొద్దు, మాంసం వద్దు, చక్కెర ముట్టొద్దు, గోధుమ గడ్డి రసం తాగు అంటూ రోగి తిండి మాన్పిస్తారు. కీమో తట్టుకోవడానికి, గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. మెత్తగా ఉడికిన అన్నం, పప్పు, పెరుగు, గుడ్డు, చేప, కోడి ఏది సయిస్తే అది తినాలి. ఆపరేషన్ అయిన కొత్తలో పీచు ఎక్కువున్న జొన్నరొట్టె, పచ్చి కూరగాయలు ఎప్పుడు మొదలుపెట్టాలో ఆసుపత్రిలోనే అడగాలి. కీమోలో తెల్ల రక్తకణాలు తగ్గుతాయి కాబట్టి సరిగ్గా కడగని పచ్చి ఆకుల రసాలు కొత్త జబ్బు తెస్తాయి. మద్యం, కల్లు పూర్తిగా మానాలి.

ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఎక్కించుకున్నవారికి చల్లదనం పడదు. ఫ్రిజ్ నీళ్లు తాగితే గొంతు పట్టేసినట్టు, చల్లని వస్తువు ముట్టుకుంటే వేళ్లలో సూదులు గుచ్చినట్టు ఉంటుంది. చలికాలం తెల్లవారుజామున పూలతోటలో మంచుకు తడిసిన గులాబీలు కోసే చేతులకు ఆ నెలల్లో ఈ పని వద్దు. ఇరుగుపొరుగు కోసిపెట్టాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్ర వేసి పండబెట్టకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాహనం లేకపోతే 108కు ఫోన్ చేయాలి.

మంచం దిగకన్న మాటకు 2025లో గట్టి జవాబు వచ్చింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో ముగిసిన 889 మందిని రెండు జట్లుగా చేసి పరీక్షించారు. ఒక జట్టుకు ఆరోగ్య సలహా పుస్తకాలు ఇచ్చారు. ఇంకో జట్టుకు మూడేళ్లపాటు వెంట ఉండి వ్యాయామం చేయించే శిక్షకుణ్ని ఇచ్చారు. ఐదేళ్ల తర్వాత రోగం తిరగబెట్టకుండా బతికి ఉన్నవారు మొదటి జట్టులో నూటికి 74 మంది, రెండో జట్టులో 80 మంది. పుస్తకం చేయలేని మేలు వెంట ఉన్న మనిషి చేశాడు. డాక్టరు సరేనన్నాక రోజూ సాయంత్రం రోగిని పిలిచి ఊరి చివరి దాకా నడిచి రండి.

"ఏడ్వకు, ధైర్యంగుండు"

ధైర్యంగా ఉండమని అందరూ అంటే రోగి తన భయాన్ని ఎవరికీ చెప్పుకోలేడు. నవ్వు ముఖం పెట్టకపోతే రోగం పెరుగుతుందన్నది నిజం కాదు. ఏడుపొస్తే ఏడవనివ్వాలి, పక్కన కూర్చోవాలి. "నువ్వేం తిన్నవో, ఏం పాపం చేసినవో" అన్న మాట అసలే వద్దు. స్థూలకాయం, మద్యం, శుద్ధిచేసి నిల్వ చేసిన మాంసం ముప్పు పెంచుతాయి. కానీ ఒక మనిషికి ఎందుకు వచ్చిందో వేలెత్తి చూపడం డాక్టరుకే సాధ్యం కాదు. నిద్ర లేకపోవడం, తిండి సయించకపోవడం, చావు ఆలోచనలు రోజుల తరబడి ఉంటే మానసిక వైద్యుడికి చూపించాలి. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు ఖర్చు లేదు. రోగిని చూసుకునే భార్యకు, తల్లికి కూడా ఈ నంబరు అవసరం పడుతుంది.

"అయిపాయె కదా, ఇంకెందుకు పరీక్షలు"

చికిత్స ముగిశాక మొదటి కొన్నేళ్లు అతి ముఖ్యం. మూడు నుంచి ఆరు నెలలకోసారి డాక్టరు పరీక్ష, సీఈఏ, చెప్పినప్పుడు స్కాన్, ఏడాది నిండాక కొలనోస్కోపీ తప్పవు. తిరగబెట్టినా తొందరగా దొరికితే మళ్లీ కోసి నయం చేయగలిగినవి ఉంటాయి. క్యాలెండరులో ఆ తేదీలు రాసిపెట్టే పని ఇంట్లో ఒకరు తీసుకోవాలి.

చిన్న వయసులో ఈ రోగం వచ్చిన ప్రతి మనిషీ గడ్డకు ఎంఎంఆర్ (డీఎన్ఏ మరమ్మతు) పరీక్ష చేశారా అని డాక్టరును అడగాలి. లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉంటే ఆ పరీక్షలో జాడ తెలుస్తుంది. ఆ లోపం ఉన్న కుటుంబంలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు ఇరవై దాటాక ఏడాదికో రెండేళ్లకో కొలనోస్కోపీ చేయించుకుంటే క్యాన్సర్ రాకముందే ఆపొచ్చు. లోపం లేకపోయినా రోగి తోబుట్టువులు నలభై ఏళ్లకో, రోగికి వచ్చిన వయసుకంటే పదేళ్లు ముందో, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలి. ఎంఎంఆర్ పరీక్ష చికిత్స దారిని కూడా మారుస్తుంది. 2022లో న్యూయార్క్ మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి వైద్యులు గడ్డలో ఎంఎంఆర్ లోపమున్న 12 మంది మలాశయ క్యాన్సర్ రోగులకు ఇమ్యునోథెరపీ ఇస్తే, ఆపరేషన్ లేకుండానే 12 మందిలోనూ గడ్డ కనిపించకుండా పోయింది.

"ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీస్కపోండ్రి"

నాలుగో దశలో కూడా చేసేది ఉంటుంది. కాలేయానికి మాత్రమే పాకినప్పుడు కొందరికి ఆ ముక్క కోసి తీయొచ్చు. కొందరు కీమోతో ఏళ్ల తరబడి పని చేసుకుంటూ బతుకుతారు. నొప్పి భరించమని చెప్పడం క్రూరత్వం. డాక్టరు రాసిన మోతాదులో మార్ఫిన్ వేసుకుంటే వ్యసనపరుడవుతాడన్న భయంతో గోలీ దాచిపెట్టకండి. ఎంఎన్‌జేలో నొప్పి తగ్గించే ప్రత్యేక విభాగం ఉంది. హైదరాబాద్‌లో స్పర్శ్ హాస్పిస్ డబ్బు తీసుకోకుండా చూస్తుంది. తెలంగాణ ప్రభుత్వ "ఆలన" బృందాలు ఇంటికే వచ్చి చూసే ఏర్పాటుంది, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి.

ఎంకపల్లి వాళ్లకైనా, చేవెళ్ల వాళ్లకైనా, ఇది చదువుతున్న ఎవరికైనా నా విన్నపం ఇది. మీ ఊళ్లో, మీ వాడకట్టులో చిన్న వయసు మనిషికి ఈ రోగం వచ్చిందని తెలిస్తే మీకు తెలిసిన మందు పేరు చెప్పకండి. ఒక పని పేరు చెప్పండి. బండి తీస్తానని, పిల్లలను బడి నుంచి తెస్తానని, కీమో రోజు పక్క కుర్చీలో కూర్చుంటానని, పూలు కోసి మార్కెట్‌కు వేస్తానని చెప్పండి. చెప్పిన రోజున తప్పకుండా వెళ్లండి. మీకే మలంలో రక్తం పడుతుంటే, మూడు వారాలుగా కడుపు తీరు మారి ఉంటే, ఎవరి సలహా కోసమూ ఎదురుచూడకుండా ఈ వారంలోనే సర్జన్‌కు చూపించుకోండి. వెళ్లేటప్పుడు ఒక మనిషిని వెంట తీసుకెళ్లండి.